వదిన సాక్ష్యం

ఎల్దియార్‌కి రాజధాని బిష్కెక్‌లో యూనివర్సిటీ సీటు వచ్చిందన్న కబురు అందేసరికి మా అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని బోర్సోక్ పిండిముక్కలు నూనెలో వేయిస్తోంది. వాడు గుమ్మంలోంచే కేక పెట్టాడు. ఆవిడ జల్లిగరిటె చేత్తో పట్టుకునే లేచి, పిండి చేతులతో వాడి మొహం దగ్గరకు లాక్కుని నుదుటి మీద ముద్దు పెట్టుకుంది.

"నా చిన్నకొడుకు చదువుకి నా ఎర్రగుర్రం ఉంది. దాన్నమ్మితే మొదటేడు గట్టెక్కుతుంది. ఆ తర్వాత నేనుంటే నేను చూస్తా, పోతే వీళ్ళు చూస్తారు" అని మా అన్నయ్య సబిర్ వైపు గరిటె ఊపింది.

అందరం నవ్వాం. నేల మీద చిందిన నూనె తుడుస్తున్న మా వదిన బురుల్ కూడా నవ్వింది. ఆ పిల్లాణ్ణి కన్నది ఆ తుడుస్తున్న మనిషే.

మొదటి బిడ్డను తాతకీ నాయనమ్మకీ ఇచ్చేయడం మాలో కొత్తేమీ కాదు. "ఇల్లు బోసిగా ఉందమ్మా, ఈ పసివాణ్ణి మాకిచ్చేయండి, మీకు ఇంకా పుడతారు" అని మా నాన్న అడిగాడు. మామగారు అడిగితే కాదనే కోడలు మా ఊళ్ళో ఇంకా పుట్టలేదు. గ్రామ ఆఫీసులో తల్లిదండ్రులుగా మా అమ్మానాన్నల పేర్లే రాయించారు. అప్పటినుంచి వాడు లెక్కకి మా తమ్ముడు. నన్ను అక్కా అంటాడు, కన్నతండ్రిని అన్నా అంటాడు, కన్నతల్లిని వదినా అంటాడు. ఇందులో దాపరికం ఏమీ లేదు. వాడికీ తెలుసు, ఊరందరికీ తెలుసు.

ఇంకో సంగతి ఉంది. కోడలైనవాళ్ళు మొగుడి అన్నదమ్ముల పేర్లు నోటితో పలకకూడదు. మా అమ్మ ఈ విషయంలో మహా గట్టిది. అందుకని వదిన ఏనాడూ వాణ్ణి ఎల్దియార్ అని పిలవలేదు, "చిన్నబ్బాయి" అనేది. తర్వాత పుట్టిన ఇద్దరాడపిల్లల్ని మాత్రం పేర్లు పెట్టి, తిట్లు పెట్టి నోరారా పిలుచుకునేది. నాకు ఈ పద్ధతి చూస్తే ఒళ్ళు మండేది. కానీ పట్నంలో కుట్టుమిషను ముందు కూర్చుని బతికేదాన్ని, మొగుణ్ణి వదిలేసినదాన్ని, నా మాట వినేదెవరు?

నాన్న ఎప్పుడో పోయాడు. అమ్మ ఆ ఆగస్టులో పోయింది. పొద్దున ఆవు పాలు పితికి, కాసేపు నడుం వాలుస్తానని పడుకుని, మళ్ళీ లేవలేదు.

నేను ఊరు చేరేసరికి ముంగిట్లో అమ్మను ఉంచడానికి యుర్తా డేరా వేసేశారు. డేరా బయట మగవాళ్ళు వరసగా నిలబడి ఏడుస్తున్నారు. మా అన్నయ్య, వాడి పక్కన ఎల్దియార్. తండ్రీ కొడుకులిద్దరూ భుజం భుజం ఆనించి "అమ్మా, మా అమ్మా" అని ఏడుస్తుంటే నాకు నా ఏడుపు మర్చిపోయి వాళ్ళను చూస్తూ ఉండిపోవాలనిపించింది. లోపల వదిన గోడవైపు తిరిగి కూర్చుని, కోడలు ఏడవాల్సిన పాటలన్నీ పద్ధతిగా ఏడుస్తోంది.

ఇక గుర్రం సంగతి. చావు భోజనానికి కోయడానికని అన్నయ్య దాన్ని దొడ్లోంచి విప్పుతుంటే నేను అడ్డం పడ్డాను.

"నీ బుద్ధి గడ్డి తిన్నదా అన్నయ్యా? అది వాడి ఫీజు!"

"గట్టిగా అరవకే. కన్నతల్లిని గొర్రెపిల్లతో సాగనంపాడని రేపు ఊళ్ళో అనరా? తలెత్తుకుని తిరగ్గలనా?"

"అననీ. అన్న నోళ్ళు వాడి ఫీజు కడతాయా?"

"నువ్వు పట్నంలో ఉంటావు, నీకు వినపడవు. ఇక్కడ ఉండాల్సింది నేను."

ఎల్దియార్ వచ్చి అన్నయ్య చేతిలోంచి తాడు తీసుకున్నాడు. "ఊరుకో అక్కా. అమ్మకి కొయ్యకపోతే ఇంకెవరికి కోస్తాం?" అన్నాడు. వాడి చదువును వాడే తాడు పట్టుకుని నడిపించుకుపోయాడు. సాయంత్రానికి ఊరంతా తిని, దువా చేసి, ఎంత గొప్పగా సాగనంపారో అని మెచ్చుకుని వెళ్ళారు. చుట్టాలు తెచ్చిచ్చిన డబ్బు వచ్చింది వచ్చినట్టు పెట్టుపోతలకే సరిపోయింది. మా వాళ్ళు చచ్చినవాళ్ళను చూసుకున్నంత బాగా బతికున్నవాళ్ళను చూసుకోరు. ఆ మాట అన్నందుకు మా మేనత్త కాలీపా నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

ఆ కాలీపా అత్తే నలభయ్యో రోజున ఖురాను చదివించాక, అందరూ టీ తాగుతుండగా ఎల్దియార్‌ని పిలిచింది.

"ఒరేయ్, నిన్ను పెంచినమ్మ మట్టిలో కలిసింది. కన్నది ఇదిగో నీ ఎదురుగానే ఉంది. ఇకనుంచి దీన్ని అమ్మా అని పిలవాలి. ఏదీ, పిలువు."

ఇంటినిండా జనం. అందరి చూపులూ వాడి మీదే. వాడి మొహం కందిపోయింది. కప్పులో చెంచా తిప్పుతూ కూర్చున్నాడు.

"వదిలెయ్యండి అత్తయ్యా. టీ చల్లారిపోతోంది" అంది వదిన, కెటిల్ పట్టుకుని లేస్తూ.

వంటింట్లో ఆమె వెనకాలే వెళ్ళాను. "నీకు లేదా ఆశ?" అని అడిగాను.

"లేదంటే అబద్ధం సల్కిన్. ఎందుకు లేదు? ఒక్కసారి అంటే చాలు నాకు." కాసేపు కప్పులు కడిగింది. "కానీ పిలిస్తే ఎలా పలకాలో కూడా నాకు తెలీదే. ఆడపిల్లలు అమ్మా అంటే 'ఏంటే' అంటాను. వాడంటే ఏమనాలి?" అని నవ్వబోయింది, నవ్వలేకపోయింది.

పిలుస్తాడని నాకు నమ్మకం ఉండేది. మగపిల్లాడు, బిడియం, ఇంటినిండా జనం. నాలుగు రోజులు పోతే వాడంతట వాడే పిలుస్తాడు అనుకున్నాను.

ఫీజు మొదటి సగం ఎలాగో కట్టాం. నేను దాచుకున్నదీ, అన్నయ్య గొర్రెలమ్మినదీ కలిపితే సరిపోయింది. రెండో సగం శీతాకాలం పరీక్షల్లోపు కట్టాలి, లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు, పేరు కొట్టేస్తారు. చేతిఖర్చుకని ఊళ్ళో పెద్దవాళ్ళు దీవించి ఇచ్చిన డబ్బు వాడి జేబులో ఉందని నేను ధీమాగా ఉన్నాను. హాస్టల్లో చేరిన వారానికి చూద్దామని వెళ్తే, మంచం మీద కూర్చుని నీళ్ళలో రొట్టె నంచుకు తింటున్నాడు.

"డబ్బేదిరా?"

"సీటు కడగమన్నారక్కా."

మాలో కొత్త కోటు కొన్నా, ఫోను కొన్నా, సీటొచ్చినా "కడగాలి" అంటారు. అంటే నలుగురికీ తినిపించాలి.

"నలుగురికి పెడితే అంత అయిందా?"

"అంతస్తు మొత్తం వచ్చిందక్కా. వద్దని ఎలా అనను? పిసినారి అంటారు."

"అచ్చు నీ..." అన్నాను, నీ నాన్న పోలికే అనబోయి నాలుక కరుచుకున్నాను. "అచ్చు మీ అన్నయ్యవేరా నువ్వు! వాడు గుర్రాన్ని కోసి ఊరికి పెట్టాడు, నువ్వు జేబు కోసి హాస్టలుకి పెట్టావు. ఇంకేం మిగిలింది?"

"టీ పొడికి ఉంది."

"టీ పొడి నాకుతూ ఇంజనీరువవుతావా?"

వాడు నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. కానీ ఆ తర్వాత వాడు మారిపోయాడు, అది మాత్రం ఒప్పుకోవాలి. మినీబస్సు ఎక్కడం మానేసి నడిచేవాడు. సాయంత్రం బజారులో మిగిలిపోయిన రొట్టె సగం ధరకు కొనేవాడు. తెల్లారుతూనే టోకు బజారుకి పోయి పిండిబస్తాలు దించేవాడు, తర్వాత క్లాసులో కూర్చుని నిద్రపోయేవాడు. వాడి బూట్లలో, వెంట్రుకల్లో పిండి. ఆదివారం నా దగ్గరికి వస్తే అన్నం ముందు కూర్చునే కునుకు తీసేవాడు.

నేనూ ఊరుకోలేదు. రష్యాకు పోయే గౌన్లు కుట్టే మా షెడ్డులో ఆడవాళ్ళం నెలనెలా చీటీ వేసుకుంటాం. నా వంతు వేసవిలో ఉంది. ఈసారికి నాకిచ్చేయండే అని ఒక్కొక్కరినీ బతిమాలాను. ఈ నెల వంతు వచ్చినామెకు కూతురి పెళ్ళి, పై నెల ఆమెకు మొగుడి ఆపరేషను. ఎవరి ఏడుపు వాళ్ళది. బ్యాంకువాడు ఇల్లు తాకట్టు పెట్టమన్నాడు. నాకుంటే కదా ఇల్లు. అన్నయ్య పాడి ఆవును అమ్ముతానన్నాడు. ఎల్దియార్ ఫోనులోనే గొంతు పెంచాడు.

"దాన్నమ్మితే పిల్లలు ఏం తాగుతారన్నా? నేనే మానేస్తా. మాస్కో పోయి గిడ్డంగిలో పని చేస్తా. మా క్లాసువాళ్ళు సగంమంది అక్కడే ఉన్నారు."

ఆ రాత్రి వదిన నాకు ఫోన్ చేసి మాస్కోలో చలి ఎంత ఉంటుందని అడిగింది. అంతే అడిగింది.

మర్నాడో ఆ పై రోజో ఎల్దియార్ షెడ్డుకి వచ్చాడు. డీన్ ఆఫీసులో ఒకావిడ వాడి కాగితాలు తిరగేసి, నీకు తల్లీ తండ్రీ ఇద్దరూ లేరు కదా, అనాథ పిల్లలకు ఫీజు మాఫీ ఉంది, నెలకు కొంత చేతికి కూడా ఇస్తారు, దరఖాస్తు పెట్టుకోలేదేం అని చీవాట్లు పెట్టిందట. కమిటీ ముందుకు ఇంట్లోవాళ్ళు ఒకరు వచ్చి మాట్లాడాలట.

"నేను అనాథనంట అక్కా" అని నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూనే మొహం ముడుచుకుపోయింది.

అన్నయ్య మందతో పాటు కొండ మీద ఉన్నాడు. వదినకు ఫోన్ చేసి చెప్పాను.

"ఏ రోజు రమ్మన్నారు?" అంది.

వెన్నా, ఎండబెట్టిన పెరుగుతో చేసిన కురుత్ ఉండలూ మూటకట్టుకుని, షేరు కారులో దిగింది. షెడ్డులో మిషన్ల మధ్య స్టూళ్ళ మీద కూర్చున్నాం. ఎల్దియార్ కూర్చోలేదు.

"నేను రాను. నాకొద్దు ఆ మాఫీ."

"ఎందుకురా వద్దు? ఊరకే వస్తుంటే చేదా?" అన్నాను.

"ఈవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని నాకు తల్లి లేదని చెప్పమంటావా? మనిషినేనా నేను?"

మిషన్లు ఆగాయి. షెడ్డులో ఆడవాళ్ళందరూ ఇటే చూస్తున్నారు. వదినను ఉద్దేశించి వాడు తల్లి అన్న మాట వాడటం నేను వినడం అదే మొదలు. వదిన మొహంలోకి ఒక్కసారిగా రక్తం పొంగింది. తలగుడ్డ సర్దుకుంది, మూట ముడి విప్పి మళ్ళీ వేసింది. ఆమె ఎంత సంతోషపడిందో నాకు తెలిసింది. ఆ సంతోషాన్ని ఆమె ఎలా పక్కన పెట్టిందో కూడా నా కళ్ళతో చూశాను.

"నువ్వు నోరు విప్పొద్దు చిన్నబ్బాయ్. అడిగినవాటికి నేను చెప్తా. ఇందులో అబద్ధం ఏముంది? కాగితం మీదున్న అమ్మ పోయింది, పెంచినమ్మ పోయింది. నేను నీ వదినని. నువ్వు పుట్టినప్పటినుంచీ వదిననే కదా?"

"అది కాదు..."

"మాస్కో పోతానంటున్నావు. పోయినవాళ్ళు ఎలా తిరిగొస్తున్నారో మన ఊళ్ళో చూడలేదా? నువ్వక్కడ ఉంటే నాకు ముద్ద దిగదు. చదువుకో. నాకోసం ఇది ఒక్కటి చెయ్యి."

వాడు గోడవైపు తిరిగి నిలబడ్డాడు. కాసేపటికి కోటు వేసుకున్నాడు.

కమిటీ గదిలో పొడవాటి బల్ల వెనకాల ఇద్దరు కూర్చున్నారు. అధ్యక్షురాలు లావుపాటి మనిషి, చూపులో దయ ఉంది. పక్కన బక్కపలచటి పెద్దమనిషి కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. మా ముగ్గుర్నీ ఎదురుగా కూర్చోబెట్టారు.

"మీరేమవుతారమ్మా?" అందావిడ.

"వదినని."

"అబ్బాయి పేరు చెప్పండి, రాసుకుంటాను."

వదిన నోరు తెరిచి ఆగిపోయింది. "చిన్న..." అని నా వైపు చూసింది. ఫర్వాలేదన్నట్టు తలూపాను. "ఎల్దియార్" అంది. గొంతు కొత్తగా, నేనెప్పుడూ విననట్టుగా ఉంది. వాడు తలెత్తి ఆమెను చూశాడు.

"తండ్రి?"

"ఎప్పుడో పోయారు."

"తల్లి?"

"పోయింది. ఆగస్టులో."

ఆవిడ అయ్యో అంది. పెద్దమనిషి మాత్రం కళ్ళజోడు పెట్టుకుని ముందుకు వంగాడు.

"అమ్మా, నేనూ కొండలవాణ్ణే. మన సంగతులు నాకు తెలీనివి కావు. పిల్లాణ్ణి ముసలివాళ్ళ పేరున రాయిస్తారు. కన్నవాళ్ళు నిక్షేపంగా పక్కింట్లో ఉంటారు. పోయినేడు అలాంటివి బయటపడితే ఇచ్చిందంతా కక్కించి, పిల్లల్ని తీసేశాం. ముసలావిడ వయసు చూస్తే నాకు అనుమానంగా ఉంది. అందుకే సూటిగా అడుగుతున్నా. వీణ్ణి కన్నది ఎవరు?"

ఎల్దియార్ కుర్చీ కిర్రుమంది, లేవబోతున్నాడు. వదిన వాడి వైపు చూడకుండానే మోకాలి మీద చెయ్యివేసి అదిమింది.

"మా అత్తగారే కన్నారయ్యా. లేకలేక లేటు వయసులో పుట్టాడు."

"మీరు చూశారా?"

"చూడకపోవడమేంటి? నేను అప్పుడు కొత్త కోడల్ని. మార్చి నెల, మంచు ఆగకుండా కురుస్తోంది. డాక్టరు రావడానికి దారి లేదు. రెండు రాత్రులు నొప్పులు పడ్డారు ఆవిడ. అరిస్తే బయట మామగారికి వినపడుతుందని సిగ్గుపడి, దుప్పటి నోట్లో కుక్కుకున్నారు. తెల్లారుతుండగా పుట్టాడు. పుట్టగానే ఏడవలేదు. మంత్రసాని కాళ్ళు పట్టుకుని తలకిందులు చేసి కొట్టింది. అప్పుడేడిచాడు." ఆగి, ఊపిరి తీసుకుంది. "ఎడమ చెవి వెనకాల నల్లటి మచ్చ ఉంది. మొదట అదే చూశారావిడ. చూసి, నా బిడ్డే, నా బిడ్డే అన్నారు. పాలు పడ్డాయి కానీ తాగించే యోగం లేకపోయింది. రొమ్ములు గట్టిగా గుడ్డతో కట్టేసుకున్నారు. మూడు వారాలు జ్వరం."

నేనప్పుడు బడికి పోయే పిల్లని. ఆ ఇంట్లోనే ఉన్నాను. దుప్పటి నోట్లో కుక్కుకున్నదెవరో చూశాను. మా అమ్మ వేడినీళ్ళ గిన్నెతో తిరుగుతుండేది. వదిన చెప్పిన దాంట్లో ఒక్క మాట కూడా కల్పించలేదు, తనను తీసేసి మా అమ్మను పెట్టింది, అంతే. ఇన్నేళ్ళలో ఆ రోజు గురించి ఆమె ఎవరితోనూ ఒక్క ముక్క మాట్లాడలేదు. చెప్పుకునే అవకాశం వచ్చేసరికి ఇలా చెప్పుకోవాల్సి వచ్చింది. నాకు ఏడుపు ఆగలేదు. పోయిన అమ్మను తల్చుకుని ఏడుస్తున్నాననుకుని అధ్యక్షురాలు నాకు మంచినీళ్ళిచ్చింది.

పెద్దమనిషి ఎల్దియార్‌ని దగ్గరకు పిలిచి చెవి వెనకాల చూశాడు. తర్వాత వెనక్కి వాలి, సరేనన్నట్టు చెయ్యి ఊపాడు.

"మాఫీ ఇస్తున్నాం. ఏటేటా మళ్ళీ చూస్తాం. ఎవరైనా ఫిర్యాదు చేస్తే మాత్రం ఆ రోజుతో సరి" అన్నాడు.

అధ్యక్షురాలు సంతకం పెట్టి ఎల్దియార్ భుజం తట్టింది. "అదృష్టవంతుడివి బాబూ. ఇలాంటి వదిన ఉంటే తల్లి లేని లోటే ఉండదు."

బయటికొచ్చాం. ఊరికి పోయే కారు గేటు అవతల ఉంది. డ్రైవరు హారన్ కొడుతున్నాడు. వదిన ఎల్దియార్ చేతిలో వెన్న మూట పెట్టి, "బస్తాలు మొయ్యడం మానెయ్. వేళకి తిను. పోయొస్తా" అని చెప్పి గబగబా నడిచింది. ఇంకొక్క క్షణం ఉంటే ఏమవుతుందో ఆమెకు తెలుసు. నేను ఆమె పక్కనే నడుస్తున్నాను. వాడు మెట్ల దగ్గరే నిలబడిపోయాడు.

ఆవరణ సగం దాటాం.

"అమ్మా!"

వాడి గొంతే. చిన్నపిల్లాడు తప్పిపోతే అరిచే అరుపు. నేను వెనక్కి తిరిగాను. వాడి వెనకాల మెట్ల మీద ఆ పెద్దమనిషి సిగరెట్టు వెలిగించుకుంటూ, ఎవరిని పిలుస్తున్నాడా అని తలెత్తి చూస్తున్నాడు.

వదిన తిరగలేదు. నా చెయ్యి పట్టుకుంది. గోళ్ళు కోటు లోంచి చర్మంలోకి దిగాయి. "నడువు సల్కిన్. ఆగకు. నడువు" అంది. ఆమె కళ్ళవెంట నీళ్ళు కారి గడ్డం మీదనుంచి జారుతున్నాయి. తుడుచుకుంటే వెనకనుంచి తెలిసిపోతుందని చెయ్యి ఎత్తలేదు. ఎవరి పిల్లాడో ఎవరి తల్లినో పిలుస్తున్నట్టు నడుస్తూనే ఉంది.

గేటు దగ్గరికి వచ్చేశాం.

"వదినా!" అని పిలిచాడు వాడు.

అప్పుడు ఆగి, వెనక్కి తిరిగింది.